గొలుసు పడని కొండ

1903లో దొరాబ్జీ టాటా ఒక ప్రభుత్వాధికారిని కలవడానికి నాగ్‌పుర్ వెళ్లాడు. ఆ అధికారి ఊళ్లో లేడు. పొద్దుపోక ఎదురుగా ఉన్న మ్యూజియంలోకి అడుగుపెడితే అక్కడ దుర్గ్ జిల్లా భూగర్భ పటం కనిపించింది. దాని మీద ఇనుప ఖనిజం ఉన్నచోట్లకు ముదురు రంగు వేసి ఉంది. జమ్‌షెడ్‌పుర్ ఉక్కు చరిత్ర రాసినవాళ్లంతా ఈ ముచ్చట చెప్పకుండా ఉండరు. ఆ రంగు వెనక భూగర్భ సర్వే ఉద్యోగి ప్రమథనాథ్ బోస్ 1880లలో ఆ అడవుల్లో తిరిగి చేసిన పని ఉంది. దల్లీ, రాజ్‌హరా కొండల్లో మేలైన ఖనిజముందని ఆయన అప్పుడే రాసిపెట్టాడు. దగ్గర్లో సరైన బొగ్గూ నీళ్లూ లేక టాటాలు అటునుంచి మయూర్‌భంజ్ వైపు వెళ్లిపోయారు. అయినా పటం మిగిలింది. యాభై ఏళ్లు గడిచాక, 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం కట్టాలనుకున్నప్పుడు, దాని కడుపు నింపే కొండ ఎక్కడుందో కొత్తగా వెతకనక్కర లేకపోయింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. రాజ్‌హరా ఎర్రరాయి అప్పటినుంచి రైలు పట్టాలుగా మారి దేశమంతా పరుచుకుంది.

భిలాయ్ గురించి రాతలకు కొదవ లేదు. ఎవరి భూమి పోయింది, ఎవరికి ఉద్యోగమొచ్చింది, ఏ సెక్టారులో ఎవరు కాపురమున్నారు, పర్మినెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కూలీకీ జీతంలోనూ జీవితంలోనూ ఎంత ఎడముంది అన్న సంగతులన్నీ కాగితమ్మీద ఉన్నాయి. జొనాథన్ ప్యారీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1990ల నుంచి అక్కడికి వస్తూ పోతూ రాసిన లావుపాటి పుస్తకం 2020లో వచ్చింది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి మూడు తరాలుగా అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పేర్లు కూడా మస్టర్ రోళ్లలోనో క్వార్టర్ల జాబితాల్లోనో రేషన్ కార్డుల మీదో ఎక్కడో ఒకచోట నమోదై ఉంటాయి. కర్మాగారం ఉక్కు సామర్థ్యం ఇప్పుడు ఏటా 70 లక్షల టన్నుల దాకా పెరిగింది. రాజ్‌హరా గనులు మాత్రం అరవై ఏళ్లు తవ్వేసరికి ఒట్టిపోతున్నాయి. అందుకే భిలాయ్ చూపు ఇంకా దక్షిణానికి, రావ్‌ఘాట్ కొండల మీదికి మళ్లింది. దల్లీ రాజ్‌హరా నుంచి రావ్‌ఘాట్‌కు 95 కిలోమీటర్ల రైలు మార్గం కోసం 2007లో ఒప్పందం కుదిరింది, 2009లో గనికి పర్యావరణ అనుమతి వచ్చింది. సాయుధ బలగాల కాపలాలో ముక్కముక్కగా సాగిన ఆ పట్టా 2022లో అంతాగఢ్‌కూ, 2023 అక్టోబరులో తారోకీకీ చేరింది.

రావ్‌ఘాట్ దాటి పడమరకు వెళ్తే అబూజ్‌మడ్ కొండలు. తెలుగు పాఠకుడికి ఈ పేరు దాదాపుగా ఎన్‌కౌంటర్ వార్తల్లోనే పరిచయం. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ్ల కేశవరావు చనిపోయింది ఈ కొండల్లోనే. ఆ వార్తలు చదివినవాళ్లకు అక్కడ తుపాకులున్నాయని తెలుసు, ఊళ్లున్నాయన్న సంగతి తట్టదు. ఎక్కువ భాగం నారాయణ్‌పుర్ జిల్లా ఓర్చా బ్లాకులోనూ, కొంత బీజాపుర్, దంతెవాడ జిల్లాల్లోనూ సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల మేర, రెండు వందల పైచిలుకు ఊళ్లున్న ప్రాంతమిది. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై ఏళ్లు నిండేదాకా ఆ ఊళ్లలో రెవెన్యూ గొలుసు పడలేదు. సర్వే నంబర్లు లేవు, గ్రామ నక్షాలు లేవు, మన పహాణీ, అడంగల్ లాంటివి లేవు. బ్రిటిష్‌వాళ్లు 1909లో శిస్తు కోసం కొలతలు మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయారు. అక్బరు మనుషులు కూడా వచ్చి వెనుదిరిగారని అక్కడి పాత్రికేయులు తరచూ రాస్తుంటారు, అది ఎంతవరకు నిజమో గాని కథకు మాత్రం బాగా అతుకుతుంది. అబూజ్ అంటే హిందీలో బోధపడనిది. ఆ పేరు పెట్టింది బయటివాళ్లు. అక్కడుండే మాడియా గోండులు తమ నేలను మెటాభూమ్ అన్నారని పాత గ్రంథాలు చెబుతున్నాయి. ఈ మాట తెలుగువాడికి విప్పి చెప్పే పని లేదు, అది మెట్టభూమి. వాళ్లు మాట్లాడే గోండీ మాండలికం, తెలుగు ఒకే దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో పుట్టిన భాషలు. నీళ్లను వాళ్లు ఏర్ అంటారు, మన ఏరే అది. ఊరిని నార్ అంటారు. కురుస్‌నార్, నెడ్‌నార్, జగదల్‌పుర్ పక్కన కొత్త ఉక్కు కర్మాగారం వెలిసిన నగర్‌నార్ ఆ కోవలో పేర్లే.

ఆ మెట్ట మీద బతుకు ఎలా ఉంటుందో తెలిస్తే కొలత ఎందుకంత కష్టమో అర్థమవుతుంది. నిటారు వాలు మీద చెట్టూ చేమా కొట్టి ఎండబెట్టి, వేసవి చివర తగలబెట్టి, ఆ బూడిదలో గింజ చల్లే సేద్యాన్ని అక్కడ పెండా అంటారు. మన ఏజెన్సీలో పోడు అన్నట్టే. నాగలి ఉండదు, ఆ వాలు మీద ఎడ్లు నిలవవు. ముఖ్య పంట కోస్రా, అంటే మన సామల్లాంటి చిరుగింజ. దానికి తోడు చోళ్లు, పప్పులు, అడవి దుంపలు, ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు. జీలుగు చెట్టును అక్కడ సల్ఫీ అంటారు, దాని కల్లు లేనిదే పెళ్లీ జరగదు, పంచాయితీ తెగదు. రెండు మూడేళ్లు పండిన వాలును వదిలేసి పక్క వాలుకు పోతారు, మళ్లీ అడవి మొలిచి నేల తేరుకున్నాక ఏళ్ల తరువాత తిరిగొస్తారు. వాలుతో పాటు ఒక్కోసారి ఊరూ జరుగుతుంది. 1927 నుంచి 1931 దాకా బస్తర్ సంస్థాన పాలనాధికారిగా ఉండి, 1938లో మాడియాల మీద పెద్ద గ్రంథం ప్రచురించిన విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ ఈ కదలికను వివరంగా రాశాడు. ఆయన పట్టుకున్న అసలు విషయం, ఊరు కదిలినా హద్దు కదలదన్నది. ఒక్కో గోత్రానికి ఒక భూమ్ ఉంటుంది. ఏ వాగు నుంచి ఏ గట్టు దాకా ఎవరి భూమో పక్క ఊరికి తెలుసు. ఆ నేలకు పూజ చేసే గాయతాకు ఇంకా బాగా తెలుసు. ఏ వాలు ఎవరు కొట్టాలో ఊరంతా కూర్చుని తేల్చుకుంటారు. హక్కు ఉంది, హద్దు ఉంది, తగవు తీర్చే పద్ధతీ ఉంది. గొలుసు పట్టుకొచ్చే ఉద్యోగికి కావలసిన ఇల్లు, కంచె, ఏటా ఒకే చోట పండే మడి మాత్రం లేవు.

కాగితం లేకపోతే వచ్చే నష్టమేమిటి? పట్టా లేనివాడికి బ్యాంకు అప్పివ్వదు, కరువొచ్చినా పరిహారమివ్వరు. ఛత్తీస్‌గఢ్‌లో రైతు వడ్లను మద్దతు ధరకు సొసైటీకి అమ్ముకోవాలంటే ముందు తన భూమి వివరాలతో పేరు నమోదు చేయించుకోవాలి. లోయల్లో మడి కట్టి వరి పండించే కొద్దిమంది మాడియాలు కూడా ఆ వరుసలో నిలబడలేకపోయారు, సంతలో వ్యాపారి చెప్పిన ధరకే అమ్ముకున్నారు. కులధ్రువీకరణ సంగతి ఇంకా విడ్డూరం. 1950కి ముందు తాత ఎక్కడున్నాడో పాత భూమి రికార్డు చూపించమనడం అక్కడి ఆఫీసుల అలవాటు. ప్రభుత్వమే ప్రత్యేకంగా వెనుకబడిన ఆదిమ తెగగా గుర్తించిన అబూజ్‌మాడియా కుర్రవాడు తాను ఫలానా అని రుజువు చేసుకోవడానికి, అదే ప్రభుత్వం ఎన్నడూ రాయని కాగితం తేవాలన్నమాట. గ్రామసభ తీర్మానంతో సరిపెట్టుకునే వెసులుబాటు తరువాత వచ్చింది, తెచ్చుకోగల తెలివిడి ఎందరికుందన్నది వేరే ప్రశ్న. లోపలి పంచాయతీల రేషన్ దుకాణాలు ఏళ్ల తరబడి ఓర్చాలోనే నడిచాయి. బియ్యం, ఉప్పు కోసం జనం కొండలు దిగి నడిచొచ్చి, సంతలో రాత్రి గడిపి, మూట నెత్తిన పెట్టుకుని తిరిగి ఎక్కేవారు. మలేరియా పరిస్థితీ ఇంతే. 2020 జనవరిలో బస్తర్‌లో ఇంటింటికీ తిరిగి రక్తపరీక్షలు మొదలుపెట్టినప్పుడు, పాజిటివ్ తేలినవాళ్లలో సగానికి పైగా జ్వరం లక్షణాలే లేనివాళ్లు. ఆసుపత్రికి ఎవరొస్తారా అని కూర్చునే పద్ధతిలో ఈ రోగం ఎన్నటికీ లెక్కకు రాదు.

అందువల్ల అబూజ్‌మడ్ వెనుకబాటును దూరం మీదికీ, అడవి మీదికీ నెట్టేయడం సరికాదనిపిస్తుంది. భిలాయ్ నుంచి రావ్‌ఘాట్ దాకా లెక్కేస్తే రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. ఇదే అడవుల అంచున రాజ్‌హరా ఖనిజాన్ని పందొమ్మిదో శతాబ్దంలో కొలిచారు. రావ్‌ఘాట్ నిల్వల్నీ బోర్లు వేసి, మట్టి పరీక్షించి, బ్లాకులుగా విడదీసి, ఒక్కో దానికి అక్షరం కేటాయించి, ఇన్ని కోట్ల టన్నులని లెక్కగట్టారు. అంటే కొలిచే విద్య లేక కాదు, నడిచే దారి లేక కాదు. కొలవాల్సిన అవసరం ఎవరికి, దేనికోసం కలిగిందన్నదే తేడా. మధ్యలో మావోయిస్టులున్నారు కదా, సర్వేయర్ల ప్రాణాలకు ఎవరు పూచీ అన్న జవాబు వెంటనే వస్తుంది. అందులో నిజముంది. 1980ల నుంచి వాళ్లక్కడ పాతుకుపోయాక రెవెన్యూ ఉద్యోగి అడుగుపెట్టలేని ఊళ్లు చాలానే ఉండేవి, వాళ్లకూ ప్రభుత్వ కొలత ఇష్టం లేకపోయింది. కానీ 1909 నుంచి 1980 దాకా ఉన్న డెబ్బై ఏళ్ల మాటేమిటి? 1980లలో గోండు యువతీయువకుల వసతిగృహమైన ఘోటుల్ మీద విదేశీ సినిమా దుమారం తరువాత బయటివాళ్లు అనుమతి లేకుండా వెళ్లకూడదని ఆంక్ష పెట్టింది ప్రభుత్వమే. దాన్ని ఎత్తేసింది 2009లో. ఆ పాతికేళ్లలో కొండ మీద బడి, మందు, సరుకుల దుకాణం నడిపినవాళ్లలో గట్టిగా చెప్పుకోదగ్గది 1985లో మొదలైన నారాయణ్‌పుర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమం. ఆకాబేడా, ఇరక్‌భట్టి, కచ్చపాల్, కుతుల్ లాంటి చోట్ల దాని కేంద్రాలు వెలిశాయి. సన్యాసులు నడవగలిగిన దారిలో పట్వారీ నడవలేకపోవడానికి తుపాకీ ఒక్కటే కారణం కాదు.

వాళ్లను వాళ్ల మానాన వదిలేయండన్న వాదన ఇంకొకటి. ఇది పాతది, మర్యాదస్తుల వాదన. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1939లో బైగా తెగ గురించి రాస్తూ ఇలాంటి తెగలకు వేరుగా రక్షిత ప్రాంతం ఉండాలన్నాడు. జి.ఎస్.ఘుర్యే లాంటి సామాజికశాస్త్రవేత్తలు దాన్ని తీవ్రంగా ఖండించారు. ఎల్విన్ కూడా తరువాత ఆ మాటను సడలించుకున్నాడు. ఆయన భయం వట్టిది కాదు, బయటివాడి రాక గిరిజనుడికి అప్పునూ వెట్టినీ తెచ్చిన రోజులవి. కానీ అబూజ్‌మడ్‌ను నిజంగా వదిలేసినవాళ్లెవరు? మరాఠాలూ బ్రిటిష్‌వాళ్లూ వదల్లేదు. వాళ్లమీద తిరగబడ్డ అబూజ్‌మాడియాలకు నాయకుడైన పరల్‌కోట్ జమీందారు గేంద్ సింగ్‌ను 1825 జనవరి 20న ఉరితీశారు. తరువాత అటవీశాఖ వచ్చింది, చింతపండుకు ఉప్పు మారకం వేసే వ్యాపారి వచ్చాడు, దళాలొచ్చాయి, వాళ్ల వెనకే బలగాలొచ్చాయి. ఇప్పుడు కొన్ని కిలోమీటర్లకొక క్యాంపు, దాని వెంట రోడ్డు, సెల్ టవరు. ఈ క్యాంపుల చుట్టూ ఉన్న ఊళ్లకు సౌకర్యాలు చేర్చాలని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన పథకం పేరు నియద్ నెల్లా నార్, గోండీలో మీ మంచి ఊరు అని. పేరు ముచ్చటగానే ఉంది. ఇంతమంది వచ్చిపోయే చోట ఊరివాళ్ల హక్కు ఒక్కటే కాగితం మీదికి రాకుండా ఆగిపోవడాన్ని ఏకాంతం అనలేం.

మూడో అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కొలవని నేలను లాక్కోవడం కష్టం, కొలిచిన మరుక్షణం అది సరుకవుతుంది అన్నది దాని సారం. ఆగ్నేయాసియా కొండజాతుల గురించి రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ స్కాట్ 2009లో తెచ్చిన పుస్తకంలో ఈ ఆలోచన ఉంది. రాజ్యానికి అంతుపట్టకుండా ఉండడం కొండవాళ్లు తెలిసి ఎంచుకున్న ఉపాయం అంటాడాయన. చోటు మారే సేద్యం, కదిలే ఊరు శిస్తు వసూలుదారుణ్ని తిప్పలు పెట్టేవే. అబూజ్‌మడ్‌లోనూ కొందరు పెద్దలు సర్వేను అనుమానంతోనే చూశారు, తప్పుపట్టలేం. 2017లో మొదలైన సర్వేలో ఈ ప్రమాదం కనిపిస్తూనే ఉంది. రూర్కీ ఐఐటీ సాయంతో ఉపగ్రహ చిత్రాల నుంచి పటాలు గీసి, నారాయణ్‌పుర్ వైపు అంచున ఉన్న కురుస్‌నార్, బాసింగ్ లాంటి ఊళ్లతో ప్రారంభించి, తాత్కాలిక రికార్డులు పంచారు. వాటిని మసాహతీ ఖస్రా అంటారు. వాటివల్ల కొందరికి వడ్లు అమ్ముకునే వీలు వచ్చింది, బోరు వేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకునే అర్హత వచ్చింది. ఇవి చిన్న విషయాలు కావు. అయితే ఉపగ్రహం ఒకరోజు తీసిన బొమ్మలో ఆ రోజు సాగులో ఉన్న వాలే పొలంగా కనిపిస్తుంది. ఎనిమిదేళ్లుగా విశ్రాంతి తీసుకుంటున్న వాలు చిట్టడవిలా ఉంటుంది, అది అటవీశాఖ ఖాతాలో పడుతుంది. మాడియా సేద్యంలో ఈ రెండూ ఒకే పొలం. ఒక్కో మనిషికి ఒక్కో ముక్క రాసిచ్చి మిగిలింది సర్కారుదంటే, పట్టా ఇచ్చినట్టే ఇచ్చి భూమ్‌ను ఊడబెరుక్కున్నట్టు.

ఈ అభ్యంతరం సర్వే పద్ధతిని తప్పుపడుతుందే గాని కాగితం అక్కరలేదని రుజువు చేయదు. ఊరి పేరు కాగితం మీద లేకపోతే కొండ భద్రంగా ఉంటుందనే నమ్మకానికి రావ్‌ఘాటే సమాధానం. చుట్టుపక్కల గోండులు రాజారావు పేరుతో కొలిచే దేవర కొలువున్న కొండ అది. గ్రామసభలు సరిగ్గా జరగలేదని కొన్ని ఊళ్లు ఆందోళన చేస్తూనే ఉన్నాయి, తవ్వకం మొదలైపోయింది. అటుపక్క ఒడిశాలో నియంగిరి సంగతి చూడండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభల అభిప్రాయం తీసుకోమంది. పన్నెండు ఊళ్లు వరుసగా కూర్చుని బాక్సైట్ గని వద్దన్నాయి, గని ఆగింది. అక్కడ డోంగ్రియా కోందుల్ని కాపాడింది చట్టం గుర్తించిన గ్రామసభల మాట ప్రభుత్వ దస్తావేజులోకి ఎక్కడమే. మన దగ్గర 1970 నాటి ఒకటి డెబ్బై చట్టం గిరిజన భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా అడ్డుకట్ట వేసింది. అయితే ఏది ఎవరి భూమో రికార్డు లేని ఊళ్లలో ఆ చట్టాన్నే తప్పించుకున్నారు, ఏజెన్సీ కేసులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. బొర్రా గుహల పరిసరాల గనుల మీద వచ్చిన 1997 నాటి సమతా తీర్పు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవంది. ప్రభుత్వ సంస్థలకు మాత్రం దారి వదిలింది. భిలాయ్ వెనకున్న సెయిల్ ప్రభుత్వ సంస్థే, కాబట్టి ఆ తీర్పు రావ్‌ఘాట్‌కు గొడుగు పట్టదు. గని చుట్టుపక్కల ఊళ్లలో సెయిల్ ఆరోగ్య శిబిరాలు పెడుతోంది, పిల్లల్ని చదివిస్తోంది, వాటిని వెక్కిరించాల్సిన పని లేదు. కాకపోతే శిబిరం ఇచ్చేవాడి దయ, హక్కు అడిగేవాడిది. జిల్లా ఖనిజ నిధి డబ్బును 2015 చట్టసవరణ బాధిత ప్రాంతాలకు ఖర్చుపెట్టమంది. ఎవరు బాధితులో తేల్చేటప్పుడు మళ్లీ చూసేది ఊళ్ల జాబితానే. గని నుంచి కిందికి కొట్టుకొచ్చే ఎర్రమన్ను ఏ వాగులో దిగుతుందో, ఆ వాగు ఏ భూమ్‌లోదో ఏ జాబితాలోనూ లేదు. బైలదిలా ఇనుప గనుల తవ్వకాలతో శంఖినీ నది ఎర్రబారిన కథ దంతెవాడలో అందరికీ తెలుసు. మడ్ కొండల్లో కురిసిన వాన నిబ్రా, కోట్రి వాగుల మీదుగా ఇంద్రావతిలో కలుస్తుంది. ఇంద్రావతి గోదావరిలో కలిసి భద్రాచలం గట్టు కిందుగా మన సముద్రానికే వస్తుంది. ఈ ఎరుపు ఎవరిదో అక్కడివాళ్ల బాధే అనుకోవడానికి లేదు.

ఈ చిక్కుకు దారి చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆదిమ తెగలకు ఆవాస హక్కు అనే ఒకదాన్ని విడిగా గుర్తించింది. ఒక్కో ఇంటికి ఒక్కో ముక్క కాదు, తెగ తిరిగే, పండించే, పూజించే నేల మొత్తం. భూమ్ అనే మాడియా మాటకు చట్టంలో ఇంతకన్నా దగ్గరి పదం లేదు. ఛత్తీస్‌గఢ్ 2023లో కమార్ తెగకు, ఆ తరువాత బైగాలకు ఈ హక్కు ఇచ్చింది, కాబట్టి సాధ్యం కాదనడానికి వీల్లేదు. సాముదాయిక అటవీ వనరుల కోసం గ్రామసభ నింపాల్సిన సి ఫారం ఒకటుంది. అందులో పటం అడుగుతారు, పొరుగు ఊళ్ల పేర్లు అడుగుతారు. ఖస్రా నంబరు అన్న గడి పక్కన మాత్రం ఉంటే, తెలిస్తే అని రాసి ఉంటుంది. చట్టం రాసినవాళ్లు ఎవరైనా గాని గొలుసు పడని కొండలుంటాయని వాళ్లకు తెలుసు. రుజువుల జాబితాలో ఊరి పెద్దల వాంగ్మూలం చెల్లుతుంది, శ్మశానాలు, పూజాస్థలాలు చెల్లుతాయి. చనిపోయినవాళ్ల పేరు మీద మాడియాలు దారి పక్కన రాళ్లు నిలబెడతారు. పెద్దవాడైతే పెద్ద రాయి. ఊరు జరిగిపోయినా రాయి జరగదు, పాత వాలు దగ్గరే ఉంటుంది.